అనుదిన విశ్వాసానికి సాక్షి జార్జ్ ముల్లర్

నెలాఖరు దగ్గర పడుతున్న కొద్దీ ఇంటి పెద్ద మనసులో మెదిలే లెక్కలు మీకు తెలియనివి కావు. పాలవాడి బాకీ, పిల్లల బడి ఫీజు, మందుల ఖర్చు, ఇంటి అద్దె. ఆదివారం మందిరంలో దేవుడే మన పోషకుడని కీర్తన పాడిన మనమే సోమవారం ఉదయం ఎవరిని చేబదులు అడగాలా అని ఆలోచిస్తాం. పాడినప్పుడు మనం అబద్ధమాడలేదు. అయితే ఆ పాటకూ ఈ లెక్కలకూ మధ్య ఎంతో దూరముంది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జీవించిన జార్జ్ ముల్లర్ తన సుదీర్ఘ జీవితాన్ని ఆ దూరాన్ని చెరిపివేయడానికే వెచ్చించారు.

ఆయన పుట్టింది ఇంగ్లండులో కాదు. నేటి జర్మనీలో భాగమైన ప్రష్యా రాజ్యంలో, 1805 సెప్టెంబరు 27న జన్మించారు. తండ్రి ప్రభుత్వానికి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. ఇంట్లో ఉంచిన ఆ పన్ను సొమ్మునే చిన్నారి జార్జ్ దొంగిలించేవాడు. పద్నాలుగేళ్ల వయసులో, తల్లి మరణశయ్యపై ఉన్న రాత్రి ఆ సంగతి తెలియక పేకాటలో గడిపాడు. పదహారేళ్లకు సత్రాలలో విలాసంగా బస చేసి, బిల్లు చెల్లించలేక జైలు పాలయ్యాడు. తండ్రి బాకీలు తీర్చి విడిపించవలసి వచ్చింది. దైవజనుల జీవిత చరిత్రలు రాసేవారు ఈ భాగాన్ని త్వరగా దాటవేస్తుంటారు. ముల్లర్ మాత్రం తన ఆత్మకథలో దేనినీ దాచలేదు. డబ్బు విషయంలో ఇంత నమ్మదగని మనిషి చేతి మీదుగా తరువాతి కాలంలో లక్షల పౌండ్లు, పైసాతో సహా లెక్క తప్పకుండా, అనాథల కోసం ఖర్చయ్యాయన్నది గుర్తుంచుకోండి.

తండ్రి కోరిక మేరకు హాలే విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చదువుతున్న రోజులలో ఆయన దగ్గర బైబిల్ లేదు. 1825 నవంబరులో ఒక శనివారం సాయంకాలం స్నేహితునితో కలిసి ఒక విశ్వాసి ఇంట జరిగే చిన్న ప్రార్థన కూటానికి వెళ్లారు. అక్కడ ఒక మనిషి మోకాళ్లూని ప్రార్థించడం చూశారు. అంతవరకు తాను గాని, ఇతరులు గాని అలా మోకరించడం ఆయన ఎరుగరు. ఇంటికి తిరిగి వచ్చిన ముల్లర్ పాత ముల్లర్ కాదు.

ఆ హాలే పట్టణంలోనే, నూరేళ్లకు మునుపు ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనే భక్తుడు గొప్ప అనాథాశ్రమాన్ని నెలకొల్పాడు. పేద విద్యార్థిగా ముల్లర్ కొంతకాలం అందులో ఉచితంగా బస చేశారు. మన తెలుగువారికి కూడా హాలేతో అనుబంధముంది. మద్రాసులో తెలుగు నేర్చి బైబిల్‌ను తెలుగులోకి అనువదించిన బెంజమిన్ షుల్జ్ ఆ హాలే మిషనరీయే. తెలుగులో తొలిసారి అచ్చయిన చిన్న పుస్తకాలు 1746-47 ప్రాంతంలో హాలేలోనే వెలువడ్డాయి.

1829లో ముల్లర్ ఇంగ్లండు చేరారు. టిన్‌మత్ అనే చిన్న ఊరి సంఘానికి కాపరి అయ్యారు. 1830 అక్టోబరులో మేరీ గ్రోవ్స్‌ను వివాహమాడారు. పెళ్లైన కొద్ది రోజులకే ఆ దంపతులు ఒక నిర్ణయం తీసుకున్నారు. ఏడాదికి 55 పౌండ్ల జీతం ఇక తీసుకోరాదనుకున్నారు. మందిరంలో కుర్చీలకు అద్దె కట్టిన సంపన్నులు మంచి స్థానాలలోను, పేదలు వెనుకను కూర్చోవడం, ఆ అద్దెలలోనుండే తమ జీతం రావడం ఆయనకు సహించలేదు. మందిరంలో ఒక పెట్టె పెట్టారు, ఇష్టమున్నవారు ఇష్టమున్నంత వేయవచ్చు. తమ అవసరాన్ని ఏ మనిషికీ చెప్పకూడదు, అప్పు చేయకూడదు, దేవునికే చెప్పాలి. కొత్త పెళ్లికూతురు ఇందుకు సంతోషంగా ఒప్పుకోవడం చిన్న విషయమని నేననుకోను.

మేరీ అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అప్పటికే ఎక్సెటర్‌లో మంచి రాబడి ఉన్న దంతవైద్య వృత్తిని విడిచి సువార్త కోసం బాగ్దాదుకు తరలి వెళ్లారు. తరువాత భారతదేశం వచ్చారు. ఆయన 1836లో తిరిగి మన దేశానికి వస్తూ వెంట తెచ్చినవారిలో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులున్నారు. వారు గోదావరి తీరాన నరసాపురంలో స్థిరపడి ఆరంభించిన పరిచర్యే గోదావరి డెల్టా మిషన్‌గా ఎదిగింది. ఏ మిషన్ సంస్థ జీతమూ లేకుండా దేవునిపై ఆధారపడి సేవ చేసే ఆ పద్ధతిని గోదావరి మండలంలో మీ తాతముత్తాతలు కళ్లారా చూసి ఉండవచ్చు.

1832లో ముల్లర్, తన మిత్రుడు హెన్రీ క్రెయిక్‌తో కలిసి బ్రిస్టల్‌కు మారారు. ఆ ఏడే నగరాన్ని కలరా ముట్టడించింది. వీధులలో దిక్కులేని పిల్లలు కనబడేవారు. అయినా ఆయన అనాథాశ్రమం తెరవడానికి ముఖ్య కారణం అనాథలు కాదు. ఈ మాట వింతగా తోచవచ్చు. ఆయన సంఘస్థుల ఇళ్లకు వెళ్తుండేవారు. ఒక సహోదరుడు రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు పనిచేస్తూ శరీరం చెడగొట్టుకుంటున్నాడు. కొంచెం తగ్గించి దేవుని సన్నిధిలో గడపమంటే, తగ్గిస్తే సంసారం ఎలా గడుస్తుందని అతని బదులు. ముసలివారికి చివరకు బీదల ఆశ్రమమే గతి అవుతుందని భయం. వర్తకులకు నీతిగా వ్యాపారం చేస్తే దివాలా తీస్తామని భయం. వీరంతా విశ్వాసులే. బైబిల్ నాటి దేవుడు నేటికీ సజీవుడేనని వారికి కంటికి కనబడే రుజువు కావాలి. ఆస్తిలేని ఒక మనిషి, ఎవరినీ అడగకుండా, ప్రార్థన మాత్రమే ఆధారంగా అనాథలను పోషించగలిగితే ఆ భయస్థుల విశ్వాసం బలపడుతుందని ముల్లర్ తలంచారు. అంటే ఆ ఇల్లు మొదట కట్టబడింది మీవంటి, నావంటి వారి కోసమే.

ఆ తలంపు కలిగిన 1835వ సంవత్సరమే ఆయనకు శోక సంవత్సరం. జూన్‌లో పదిహేను నెలల కుమారుడు ఎలైజా మరణించాడు. అనాథలకు తండ్రి కాబోతున్నవాడు తన ఒక్కగానొక్క కొడుకును మట్టికి అప్పగించాడు. ఆ బిడ్డ కోసం తల్లిదండ్రులు ప్రార్థించి ఉండరా? ముల్లర్ కథను ప్రార్థిస్తే అన్నీ దొరుకుతాయనే కథగా చెప్పేవారు ఈ సమాధి దగ్గర ఒక్క నిమిషం నిలబడాలి.

1835 డిసెంబరులో ఒక సాయంకాలం 81వ కీర్తన చదువుతుండగా, పదవ వచనం ఆయన మనసుకు తగిలింది. వెయ్యి పౌండ్లు, ఇల్లు, పనివారు కావాలని దేవుని అడగడం ఆరంభించారు. కానుకలు వచ్చాయి. బట్టలు, గిన్నెలు, చెంచాలు కూడా వచ్చాయి. విల్సన్ వీధిలో ఇల్లు దొరికింది. పిల్లలను చేర్చుకునేందుకు 1836 ఫిబ్రవరి 3వ తేదీ నిర్ణయించారు. ఆ రోజు ముల్లర్ రెండు గంటలు కూర్చున్నారు. ఒక్క పిల్ల కోసమైనా దరఖాస్తు రాలేదు. బరువైన హృదయంతో ఇంటికి నడుస్తుండగా ఆయనకు తట్టింది: ఇల్లు కోసం, డబ్బు కోసం, పనివారి కోసం ప్రార్థించారు గాని పిల్లల కోసం ప్రార్థించనే లేదు. పిల్లలు ఎలాగూ వస్తారనుకున్నారు. ఆ సాయంకాలం దేవుని ఎదుట తన్ను తాను తగ్గించుకుని దానినీ అడిగారు. మరునాడే తొలి దరఖాస్తు వచ్చింది.

పాలబండి ఆశ్రమం ముందే విరిగిపోయిందని, రొట్టెలవాడు తెల్లవారుజామునే రొట్టెలు తెచ్చాడని చెప్పే కథను మీరు సండే స్కూలులో వినే ఉంటారు. దానిని మళ్లీ చెప్పను. ముల్లర్ స్వయంగా తేదీలతో రాసుకున్న దినచర్యలో అంతకంటె నెమ్మదిగా నడిచే కథలున్నాయి. 1838 సెప్టెంబరులో అనేక దినాలు చేతిలో ఏమీ లేదు. అమ్మదగిన వస్తువులు అమ్మే ఆలోచన వరకు వెళ్లారు. 18వ తేదీన లండన్ నుండి వచ్చిన ఒక స్త్రీ కొంత సొమ్ము తెచ్చి ఇచ్చింది. ఆమె అప్పటికి నాలుగైదు రోజులుగా ఆశ్రమం పక్కింటిలోనే బస చేసి ఉన్నదట! సహాయం గోడకు అవతలనే ఉంది. ఇవతల దాని కోసం కన్నీటితో ప్రార్థిస్తున్నారు. మొదటి నుండీ సహాయం చేయాలనే ఆలోచన దేవునికి ఉందనడానికి ఇదే రుజువని ముల్లర్ సంతోషించారు. నాకైతే, ఆ నాలుగైదు రోజులు అలా ఎందుకు గడిచాయన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మీకూ మిగలవచ్చు.

అవసరాలను ఎవరికీ చెప్పననే ఆయన ఏటేటా నివేదిక అచ్చువేస్తారు గదా, అది అడగడం కాదా అని విమర్శించినవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకు ఆయన జవాబు మాటలలో లేదు. 1841 చివర నిధులు అడుగంటిన సమయంలోనే వార్షిక సభ జరగవలసి ఉంది. సభలో పరిస్థితి తెలిస్తే జనం తప్పక కానుకలిస్తారు. సరిగ్గా అందుకే ఆయన సభను, నివేదికను వాయిదా వేశారు. తరువాతి నెలలు ఆయన ఎదుర్కొన్న కఠిన పరీక్షలలో ఒకటి. ఒక పూట గడిస్తే మరో పూటకు మోకరించవలసి వచ్చింది. అయినా అప్పు చేయలేదు, పిల్లలను పస్తు ఉంచలేదు.

విశ్వాసమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని ఆయన ఎన్నడూ తలచలేదు. ప్రతి కానుకకు రసీదు ఉండేది, ప్రతి ఖర్చుకు లెక్క ఉండేది. 1845లో విల్సన్ వీధి నివాసి ఒకరు పిల్లల సందడి వల్ల ఇబ్బందిగా ఉందని మర్యాదగా లేఖ రాస్తే ముల్లర్ కోపగించుకోలేదు. ఫిర్యాదు న్యాయమేనని ఒప్పుకుని, ఊరి వెలుపల సొంత భవనం కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ఆష్లీ డౌన్ అనే చోట స్థలం దొరికింది. దాని యజమాని ఒక రాత్రి తెల్లవారుజామున మూడింటి నుండి నిద్రపట్టక ఆలోచించి, ఎకరం రెండు వందల పౌండ్లకు బదులు నూట ఇరవైకే ఇచ్చాడు. 1849లో తొలి భవనం మూడు వందల మంది పిల్లల కోసం తెరుచుకుంది. 1870 నాటికి అవి ఐదు భవనాలయ్యాయి. మొత్తం 2,050 మంది పిల్లలకు చోటు ఉండేది.

1857 నవంబరు చివర, తొలి భవనాన్ని వెచ్చగా ఉంచే బాయిలర్ కారసాగింది. చుట్టూ ఇటుక గోడ. గోడ పగలగొట్టి మరమ్మతు చేయాలంటే మంట ఆర్పివేయాలి. ఇంగ్లండు చలిలో మూడు వందల మంది పిల్లలు! పనికి రోజు నిర్ణయించాక ఎముకలు కొరికే ఉత్తరపు గాలి మొదలైంది. ముల్లర్ రెండు విషయాలు అడిగారు: దక్షిణపు గాలి వీచాలి, పనివారికి పనిపై మనసు కలగాలి. ముందురోజు సాయంకాలం వరకు ఉత్తరపు గాలే. మంట ఆర్పిన రోజున దక్షిణపు గాలి వీచింది. సాయంకాలం పనివారే ముందుకు వచ్చి రాత్రంతా పనిచేస్తామన్నారు. ముప్పై గంటలలో బాయిలర్‌లో మళ్లీ మంట వెలిగింది. ఇందులో నన్ను ఆకట్టుకునేది గాలి మారడం కంటె, పనివారి మనసు కోసం కూడా ఆయన ప్రార్థించడం. ఫిబ్రవరి 3వ తేదీ పాఠాన్ని ఆయన మరువలేదు.

1870 ఫిబ్రవరిలో మేరీ కీళ్లవాత జ్వరంతో కన్నుమూశారు. ముప్పై తొమ్మిదేళ్ల దాంపత్యం. బాగుచేయమని ఆయన అడిగారు, ఆమె బాగుపడలేదు. సమాధి కార్యక్రమం తానే నడిపించారు. ఆమెను ఇచ్చినందుకు, ఇంతకాలం ఉంచినందుకు, తీసుకున్నందుకు దేవుడు మంచివాడేనని ప్రసంగించారు. మరుసటి ఏడు సుసన్నా సాంగర్‌ను వివాహం చేసుకుని, డెబ్బయ్యవ ఏట నుండి నలభైకి పైగా దేశాలలో సువార్త ప్రకటిస్తూ తిరిగారు. మన దేశానికీ వచ్చారు. 1890 జనవరిలో జబల్‌పూర్‌లో ఉండగా, ఏకైక కుమార్తె లిడియా మరణించిందన్న తంతి అందింది. అప్పటికి ఆయనకు 84 ఏళ్లు.

1844 నవంబరులో ఆయన ఐదుగురి రక్షణ కోసం అనుదినం ప్రార్థించడం ఆరంభించారు. జబ్బు చేసినా, ప్రయాణంలో ఉన్నా మానలేదు. ఏడాదిన్నరకు మొదటివాడు మారాడు. మరో ఐదేళ్లకు రెండవవాడు, ఆపై ఆరేళ్లకు మూడవవాడు మారారు. మూడు దశాబ్దాలు దాటినా మిగిలిన ఇద్దరిలో మార్పు లేదు. ఆయన అడుగుతూనే ఉన్నారు, వారి కోసం కృతజ్ఞత చెల్లిస్తూనే ఉన్నారు.

1898 మార్చి 9వ తేదీ సాయంకాలం ఆష్లీ డౌన్‌లో ప్రార్థన కూటం ఆయనే నడిపించారు. మరునాడు ఉదయం ఏడింటికి టీ తెచ్చినవారు తలుపు తట్టితే జవాబు రాలేదు. 92 ఏళ్ల ముల్లర్ మంచం పక్కన నేలమీద నిర్జీవంగా ఉన్నారు. ఆయన చేతి మీదుగా పది వేలకు పైగా అనాథలు పెరిగారు, దాదాపు పదిహేను లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. వీలునామా తెరిచి చూస్తే ఆయన సొంతానికి మిగిలింది, ఇంటి సామానుతో కలిపి, దాదాపు 160 పౌండ్లు.