దేశపు రాబడిని లెక్కించిన దాదాభాయి నౌరోజీ

ఒక ప్రభుత్వపు ఆర్థికవిధానము ప్రజలకు మేలు చేయుచున్నదో కీడు చేయుచున్నదో తేల్చవలెనన్న, ముందుగా ప్రజల రాబడి యెంతయో తెలియవలెను. ఆంగ్లేయుల పాలనలో మన దేశమునకు ఆ లెక్కను తొలుత కట్టినవాడు దాదాభాయి నౌరోజీ.

ఆయన 1825 సెప్టెంబరు 4వ తేదీన పేద పార్శీ పురోహిత కుటుంబమున జన్మించెను. నాలుగవ యేటనే తండ్రి గతింపగా, తల్లి మాణిక్‌బాయి కష్టించి చదివించెను. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణితాచార్యుడై, పిదప 1855లో వర్తకవ్యవహారముపై లండను చేరెను.

తమ యేలుబడిలో దేశము సంపన్నమగుచున్నదని పాలకులు చెప్పుచుండిరి. నౌరోజీ వారి నివేదికలనే ముందుంచుకొని సాగుభూమి, దిగుబడి, ధరలు పరిశీలించెను. అధికారులు జిల్లాల సగటులను కూడి, జిల్లాల సంఖ్యచే భాగించుచుండిరి. లక్ష యెకరముల జిల్లాను, వేయి యెకరముల జిల్లాను సమముగా నెంచిన లెక్క యెట్లు నిలుచును? ఆయన విస్తీర్ణమునుబట్టి సగటు కట్టి, విత్తనములకు కొంత తీసివేసి, ఉప్పు, బొగ్గు, పరిశ్రమలు, పాలు, చేపల విలువ కలిపెను. 1867-70 ప్రాంతమున బ్రిటిషు ఇండియా రాబడి సుమారు 340 కోట్ల రూపాయలు, జనము 17 కోట్లు. అనగా తలకు ఏటికి 20 రూపాయలు! 1876లో బొంబాయి సభలో ఈ లెక్కను ప్రకటించెను.

తెలుగు జిల్లాలు పెక్కు చేరియున్న మద్రాసు రాజధానిలో తలకు 18 రూపాయలే వచ్చెను. అచటి చెరసాలలో ఖైదీ తిండిబట్టలకు ప్రభుత్వమే అంతకు రెట్టింపును మించి వెచ్చించుచుండెను. నేరమెరుగని కాపునకు ఖైదీపాటి కూడైనను లేకపోయెను. జీతములు, పింఛనులు, వడ్డీల రూపమున ధనము ఏటేట ఇంగ్లండునకు తరలుటయే ఇందుకు ముఖ్యకారణమని నౌరోజీ వాదించెను.

ప్రభుత్వము ఊరకుండలేకపోయెను. 1882లో తలకు 27 రూపాయలని తానును లెక్క కట్టెను. 1901లో కర్జను ప్రభువు 30 రూపాయలనెను. అంకెలు వేరైనను, పాలనను ప్రజల రాబడితో కొలువవలెనను మాట నిలిచెను. ఉపాధ్యాయులు, వైద్యులు మున్నగువారి సేవలను ఆయన లెక్కలో చేర్చలేదు. తరువాతి పండితులు ఆ లోపమును సవరించిరి.

1892లో ఐదు వోట్ల ఆధిక్యముతో ఆంగ్లేయుల పార్లమెంటున ప్రవేశించి, 1895లో నియమింపబడిన భారత వ్యయవిచారణ సంఘమున సభ్యుడయ్యెను. మూడుమారులు కాంగ్రెసుకు అధ్యక్షత వహించెను. తన పరిశోధనలను 1901లో గ్రంథరూపమున వెలువరించి, 1917 జూను 30వ తేదీన బొంబాయిలో కీర్తిశేషుడయ్యెను.

స్వతంత్రభారత ప్రభుత్వము 1949లో మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ సంఘమును నియమించినది. నౌరోజీ ఒంటరిగా నారంభించిన పని అట్లు రాజ్యకార్యమయ్యెను. ఆయన చేతి యాయుధము ప్రభుత్వమే ముద్రించిన పుస్తకములు. వానిని శ్రద్ధతో చదివి, కూడి, ప్రశ్నించుటయే ఆయన చేసిన దేశసేవ.