ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్

మీరు సంతలోనో, తిరునాళ్ళలోనో గారడీ చూసే ఉంటారు. ఆ కళను పెద్ద పెద్ద నాటకశాలలకు చేర్చి, విదేశాల్లో పేరు తెచ్చుకున్న భారతీయుడు పి.సి. సర్కార్. ఆయన తనదైన పద్ధతిని ఎలా రూపొందించుకున్నారో తెలుసుకుందాం.

ఆయన పూర్తి పేరు ప్రతుల్ చంద్ర సర్కార్. 1913 ఫిబ్రవరి 23న టాంగైల్ ప్రాంతంలో జన్మించారు. ఆనాడు అది అవిభక్త బెంగాల్‌లో ఉండేది. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. సర్కస్‌లో ఇంద్రజాలం చేసి పేరు పొందిన గణపతి చక్రవర్తి వద్ద ఆయన ఈ విద్య నేర్చుకున్నారు.

ఏ విద్యలోనైనా గురువు చేసినట్లు చేయడం మొదటి మెట్టు. అయితే అక్కడే ఆగిపోతే ఏమవుతుంది? చూసేవారికి గురువే గుర్తుకు వస్తాడు గాని శిష్యుడు గుర్తుండడు. సర్కార్ ఈ సంగతి గ్రహించారు.

ఆ రోజుల్లో ఇంద్రజాలికుడు అనగానే నల్లకోటు తొడుక్కున్న పాశ్చాత్యుడు కళ్ళ ముందు మెదిలేవాడు. సర్కార్ మహారాజు వేషం ఎంచుకున్నారు. జరీ అంగరఖా, కుచ్చు తలపాగా ధరించి వేదిక మీదికి వచ్చేవారు. తన ప్రదర్శనకు 'ఇంద్రజాల్' అని మన పేరే పెట్టుకున్నారు. ఇంగ్లీషులో మాంత్రికుణ్ణి 'సోర్సరర్' అంటారు. ఆ మాట స్ఫురించేలా తన ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరాలను కూడా మార్చుకున్నారు.

ఆయన చేసిన అంశాలన్నీ కొత్తవి కావు. ఉదాహరణకు చెంబు అంశం చూడండి. చెంబులోని నీళ్ళన్నీ వంపేసేవారు. మరో అంశం పూర్తయ్యాక అదే చెంబును వంచితే మళ్ళీ నీళ్ళు! ఇలా ప్రదర్శన సాగినంతసేపూ జరిగేది. చిన్న గారడీయే అయినా, ప్రేక్షకులు దానికోసం ఎదురుచూసేవారు.

మనిషిని రంపంతో కోసే అంశం 1921 నుంచే లండన్ వేదికల మీద ఉంది. సర్కార్ దానిని 1956 ఏప్రిల్ 9న బి.బి.సి. టెలివిజన్‌లో ప్రదర్శించారు. గుండ్రని కరెంటు రంపంతో ఒక యువతిని కోసినట్లు చూపించారు. ఆమె లేచి నిలబడకముందే కార్యక్రమం ముగిసిపోయింది. ఆమె చనిపోయిందని భయపడిన ప్రేక్షకులు బి.బి.సి.కి ఎడతెగకుండా ఫోన్లు చేశారు. మరునాడు పత్రికల నిండా ఆ వార్తే. లండన్‌లో ఆయన ప్రదర్శనలకు జనం విరగబడ్డారు.

1964లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 1971 జనవరి 6న, జపాన్‌లో ప్రదర్శనలు ఇస్తుండగా గుండెపోటుతో మరణించారు. ఆయన కుమారుడు 'ఇంద్రజాల్' ప్రదర్శనలను కొనసాగించారు.

చూశారా! విద్యను ఇతరుల నుంచి నేర్చుకోవచ్చు. దానిని తనదిగా చేసుకునే పని మాత్రం ఎవరికి వారే చేసుకోవాలి. కుట్టుపనికైనా, వంటకైనా, పాటకైనా ఇది వర్తిస్తుంది.

ఆలోచించి రాయండి:
1. సర్కార్ పాత అంశాలకు కొత్తదనం ఎలా తెచ్చారు?
2. మీరు ఒకరి వద్ద నేర్చుకున్న పనిలో మీదంటూ చేర్చినది ఏమిటి?