బేగంపేట నుంచి ఫ్రీటౌన్ దాకా... రొనాల్డ్ రాస్ ప్రస్థానం

సికింద్రాబాద్: దోమ శరీరంలో మలేరియా క్రిమి పెరుగుతుందన్న సత్యానికి తొలి ఆధారం లభించినది బేగంపేటలోని ఒక చిన్న సైనిక వైద్యశాలలో. కనుగొన్న వైద్యుడు సర్ రొనాల్డ్ రాస్. ఆ ఆధారం దొరికిన ఆగస్టు 20ని నేడు ప్రపంచ దోమల దినంగా జరుపుకొంటున్నారు.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైనికాధికారి. ఎనిమిదో ఏట చదువు నిమిత్తం ఇంగ్లాండు చేరిన రాస్‌కు సాహిత్యం, చిత్రలేఖనం, సంగీతాలపైనే మక్కువ. తండ్రి పట్టుదల వల్లనే వైద్యవిద్యలో చేరారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసు, బర్మా, అండమాన్, బెంగళూరులలో పనిచేశారు. తీరిక వేళల్లో కవిత్వం, నవలలు రాశారు, గణితం అభ్యసించారు. ముప్పై ఏళ్లు దాటే వరకు ఆయన వైద్యంలో చెప్పుకోదగినదేమీ సాధించలేదన్నది నిజం.

మలుపు తిప్పిన పరిచయం

1894లో సెలవుపై లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ పరిచయమయ్యారు. మలేరియా వ్యాప్తిలో దోమల పాత్ర ఉండవచ్చునన్న ఊహను రాస్ మనసులో నాటినది ఆయనే. 1895లో సికింద్రాబాద్ వచ్చిన రాస్ ఆ ఊహ వెంట పడ్డారు. ఏ దోమను పరీక్షించాలో తెలియదు. నెలల తరబడి వందలాది దోమలను కోసి చూసినా ఫలితం శూన్యం. ఆయన చూస్తున్నవి మలేరియాను మోయని జాతులు మరి. నడుమ కలరా నివారణకై బెంగళూరుకు పంపారు. 1897లో నీలగిరి ప్రాంతంలో పరిశోధిస్తుండగా తానే మలేరియా బారిన పడ్డారు.

తిరిగి సికింద్రాబాద్ చేరాక రెక్కలపై మచ్చలున్న దోమలు ఆయన కంటబడ్డాయి. హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమలచేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున చెల్లించారు. ఆగస్టు 16న రక్తం తాగిన దోమల్లో ఒకదానిని 20వ తేదీన సూక్ష్మదర్శిని కింద పరిశీలించగా, జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులతో కూడిన గుండ్రని కణాలు కానవచ్చాయి. అవే మలేరియా క్రిములు. ఉక్కపోతలో, దోమలు ఎగిరిపోకుండా పంకా సైతం ఆపివేసి చేసిన పని అది. శాస్త్ర చరిత్రలో రాస్ పేరు నిలిచింది గాని, అణాలకు తన ఒంటిని అప్పగించిన హుసేన్‌ఖాన్‌ను తలచుకొనేవారు తక్కువ.

ఫలితం చేతికందిన కొద్దికాలానికే రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ అయింది. అక్కడ మలేరియాయే అరుదు. 1898లో కలకత్తాకు మార్పించుకొని పక్షుల మలేరియాపై కృషి సాగించారు. క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా మరో పక్షికి సోకుతుందని ఆ జులైలో నిరూపించారు. 1899లో భారతదేశాన్ని వీడి లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు.

ఫ్రీటౌన్‌లో...

అదే ఏడు రాస్ పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ వెళ్లారు. అక్కడి మలేరియా దోమలను గుర్తించి, అవి వీధి గుంటల నీటిలో పుడుతున్నాయని చూపారు. 1901లో మళ్లీ వెళ్లి కూలీల దళాలతో గుంటలు పూడ్పించి, నీటిపై నూనె చల్లించారు. దోమల నిర్మూలనే ఆయన మార్గం. వలస ప్రభుత్వం వేరే దారి పట్టింది. 1904లో ఐరోపావారి కొరకు కొండపై ప్రత్యేక నివాసాలు నిర్మించింది. దిగువ పట్టణంలోని స్థానిక తల్లులు, బిడ్డలు దోమల నడుమనే మిగిలిపోయారు.

గర్భిణులకు, అందునా తొలిచూలు వారికి, మలేరియా మరింత ప్రమాదకరం. క్రిమి మావిలో తిష్ఠ వేస్తుంది. తల్లికి రక్తహీనత, బిడ్డకు తక్కువ బరువు సంక్రమిస్తాయి. అందుకే మలేరియా తీవ్రంగా ఉన్న ఆఫ్రికా దేశాల్లో, సియెర్రా లియోన్‌లో సైతం, జ్వరం లేకున్నా గర్భిణులకు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ మాత్రలు ఇస్తున్నారు. నాలుగో నెల మొదలు, మోతాదుకూ మోతాదుకూ కనీసం నెల ఎడంతో, మూడు సార్లయినా మింగించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చేసిన సూచన. ఈ మందు క్రిమికి అవసరమైన ఫోలేట్‌ను అడ్డుకొని పనిచేస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కావడం విశేషం.

మందు చౌక. అయినను 2021లో మూడు మోతాదులు పొందిన గర్భిణులు 35 శాతం, 2022లో 42 శాతం మాత్రమే. నెలలు నిండుతుండగా గాని ఆసుపత్రి గడప తొక్కకపోవడం, దూరాభారం, మాత్రల నిల్వలు నిండుకోవడం, ఎప్పుడు ఇవ్వాలో సిబ్బందికి స్పష్టత లేకపోవడం ఇందుకు కారణాలు. ఆసుపత్రికి వచ్చిన గర్భిణికి కూడా మాత్ర అందలేదంటే తప్పు ఆమెది కాదు. ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తల ద్వారా కూడా మాత్రలు అందించవచ్చునని 2022లో ఆ సంస్థ మార్గదర్శకాలను సవరించింది. భారతదేశంలో ఈ ముందస్తు మాత్రల విధానం లేదు. మన ఏజెన్సీ గ్రామాల్లో గర్భిణులకు దోమతెరలు, రక్తపరీక్ష, సత్వర చికిత్సలే రక్ష.

రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది. మానవ మలేరియా క్రిమి దోమలో గడిపే జీవితచక్రాన్ని తేల్చిన ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో ఆధిక్యం కోసం ఆయన సాగించిన వివాదం ఏళ్లతరబడి నడిచింది. అది ఆయన ఘనతకు తగినది కాదు. 1911లో సర్ బిరుదు పొందారు. ఆర్థిక ఇబ్బందుల వల్ల 1928లో తన పత్రాలను అమ్ముకున్నారు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పరిశోధించిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో, ఆయన పేరిటనే ఉన్నది.