వార్తావ్యాఖ్యాత ఎడ్వర్డ్ మర్రో

వార్తను చదివి వినిపించుట వేఱు. దాని సత్యమునకు తాను పూచీపడుట వేఱు. ఈ రెండవ ధర్మమును రేడియోయందును, పిమ్మట టెలివిజన్‌యందును నెలకొల్పినవారిలో అగ్రగణ్యుడు ఎడ్వర్డ్ మర్రో.

ఆతడు 1908 ఏప్రిల్ 25వ తేదీన అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున ఒక పేద కృషీవల కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎగ్బర్ట్. బాల్యముననే ఆ కుటుంబము వాషింగ్టన్ రాష్ట్రమునకు వలసపోయెను. వేసవులలో అడవులకు పోయి కలప పనులు చేయుచు చదువుకొని, ఆతడు 1930లో పట్టభద్రుడయ్యెను. ఆతని వాక్కునకు సానపట్టినది ఐడా లూ ఆండర్సన్ అను అధ్యాపకురాలు.

1935లో సి.బి.ఎస్. రేడియో సంస్థలో చేరిన మర్రో 1937లో లండను నగరమునకు పంపబడెను. 1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించినపుడు వియన్నానుండి ఆతని కంఠము తొలిసారిగా వార్తను వినిపించెను. 1940లో లండనుపై బాంబులు కురియుచుండగా మేడకప్పులపై నిలిచి, తాను చూచినదానిని చూచినట్లు చెప్పెను. 1945 ఏప్రిల్‌లో బూకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరమున ప్రేతప్రాయులైన బందీలను చూచి, ఆ ఘోరమును లోకమునకు తెలిపెను.

1951 నవంబరులో ఫ్రెడ్ ఫ్రెండ్లీతో కలిసి 'సీ ఇట్ నౌ' అను టెలివిజన్ కార్యక్రమమును ఆరంభించెను. ఆ కాలమున సెనేటరు జోసెఫ్ మక్కార్తీ, కమ్యూనిస్టులన్న నెపమున పెక్కురిపై నిందలు మోపుచుండెను. ఎదిరించుటకు అనేకులు జంకిరి. 1954 మార్చి 9వ తేదీన మర్రో ఆ సెనేటరు మాటలనే, చేతలనే తెరపై చూపి, వానిలోని అసత్యములను బయటపెట్టెను. ఆ కార్యక్రమ ప్రకటనకు సంస్థ వెనుకాడగా మిత్రులిరువురును తమ సొంత సొమ్మే వెచ్చించిరి. మక్కార్తీ పతనమునకు ఇదొక్కటే హేతువు కాదు. కాని ఆ డిసెంబరులో సెనేటు అతనిని అభిశంసించునాటికి ప్రజల భయము చాలవఱకు తొలగెను.

1958లో 'సీ ఇట్ నౌ' నిలిచిపోయెను. టెలివిజన్ కేవల వినోదసాధనమగుచున్నదని మర్రో ఆ యేడే షికాగో సభలో హెచ్చరించి, యజమానులకు మరింత దూరమయ్యెను. 1960లో వలసకూలీల దైన్యమును చూపు చిత్రమును ప్రసారము చేసెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వ సమాచారసంస్థకు అధిపతియై, ఆ చిత్రమునే చూపవలదని బి.బి.సి.ని కోరెను, బి.బి.సి. అంగీకరింపలేదు. సత్యమునకు పూచీపడినవాని జీవితమున ఇది చెఱగని మచ్చ.

సిగరెట్లకును పుప్పుసవ్యాధికిని గల సంబంధమును 1955లోనే తెరపై చర్చించినను, ఆతడు ఆ అలవాటును మానలేకపోయెను. తుదకు ఆ వ్యాధితోనే 1965 ఏప్రిల్ 27వ తేదీన, ఏబదియేడేండ్ల వయస్సున కన్నుమూసెను. లోపములు లేనివాడు కాడు. కాని మాటలాడవలసిన వేళ మౌనము వహింపలేదు.