కేరీగారి యింటి భారము

ధ్యాన భాగము: గలతీయులకు 6:1–5



విశాఖపట్టణపు ఓడరేవులోను ఉక్కు కర్మాగారములోను పనిచేసి విరమించిన పెద్దలు మన సంఘములలో అనేకులున్నారు. వారిలో కొందరు, పక్షవాతముచేతనో మతి చెదరుటచేతనో మంచము పట్టిన భార్యకు స్నానము చేయించి, అన్నము తినిపించి, రాత్రులు మేలుకొనియుందురు. అట్టివారు ఆదివారము గుడికి రానియెడల ఎందుకు రాలేదని మనమడుగుదుము. ఆ యింటికి మనమెన్నిసార్లు వెళ్లితిమి? ఈ ప్రశ్న మనస్సున నుంచుకొని విలియం కేరీగారి జీవితమును తలంచుకొందము.

కేరీగారు 1761లో ఇంగ్లండు దేశపు పల్లెలో జన్మించి, చెప్పులు కుట్టు పని నేర్చుకొనెను. 1781లో డొరతీ అమ్మగారిని వివాహమాడెను. ఆమె ఆయనకంటె ఐదేండ్లు పెద్దది. చదువు రానందున వివాహపు పుస్తకములో సంతకమునకు బదులు గుర్తు పెట్టెను. 1793లో ఆయన మన దేశమునకు బయలుదేరనెంచగా ఆమె మొదట రాననెను. ఇద్దరు కుమార్తెలను పాతిపెట్టిన తల్లి, ఒడిలో చంటిబిడ్డ. చెల్లెలు తోడు వచ్చుటకు ఒప్పుకొనిన తరువాతనే ఆమె ఓడ యెక్కెను.

బెంగాలులో పేదరికమును రక్తవిరేచనములును ఆమెను క్రుంగదీసెను. 1794లో ఐదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. మరుసటి యేట ఆమె మనస్సు చెదరెను. భర్త పరస్త్రీలయొద్దకు పోవుచున్నాడని నమ్మి, వెంబడించి, వీధిలో కేకలు వేసెను. అది నిజము కాదు. అయినను ఆమె దుఃఖము నిజమే. ఆయన ప్రాణమునకే అపాయము కలుగుటచేత ఆమెను గదిలో ఉంచవలసివచ్చెను. 1800లో శ్రీరామపురము చేరినను ఆమె బాగుపడలేదు. ప్రక్కగదిలో ఆమె కేకలు వినబడుచుండగా ఆయన వాక్యమును తర్జుమా చేసెను. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయ్యెను. 1807 డిసెంబరు 8న ఆమె మరణించువరకు, పండ్రెండేండ్లు, ఆమెను తన యింటనే ఉంచుకొనెను. 1808లో ఆయన వివాహమాడిన చార్లెట్ అమ్మగారు కూడ దేహబలము లేని రోగియే. 1821లో ఆమె మరణించువరకు ఆమెతోను నమ్మకముగా కాపురము చేసెను.

ఈ కథ చెప్పునప్పుడు మనము ఆయన ఓర్పును పొగడి, రెండు సంగతులు మరచుచున్నాము. మొదటిది, డొరతీ అమ్మగారు ఆ పరిచర్యకు అడ్డు కాదు. దాని వెలను అందరికంటె ఎక్కువగా చెల్లించినది ఆమెయే. కేరీగారు ఆమె భయమును తగినంతగా లెక్కచేయలేదని చెప్పుటకు మనము వెనుదీయనక్కరలేదు. రెండవది, ఆయన ఒంటరిగా మోయలేదు. శ్రీరామపురములో మిషనరీ కుటుంబములు ఒకే బల్లయొద్ద భుజించెను. హన్నా మార్ష్‌మన్ అమ్మగారు ఆయన పిల్లలను చేరదీసెను. వార్డుగారు పెద్దకుమారుడైన ఫీలిక్సును త్రోవలో పెట్టెను.

ఆ యిల్లు మనకు దూరము కాదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ అను దైవసేవకులు, ఆనందరాయరుగారి సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో ఆ శ్రీరామపురపు ముద్రాలయములోనే తెలుగున అచ్చయ్యెను.

కేరీగారి కాలములో ఆ వ్యాధికి మందు లేదు, నేడున్నది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల యున్నది. అక్కడికి తీసికొనిపోవుట సిగ్గు కాదు, అవిశ్వాసమును కాదు. దయ్యమని చెప్పి గదికి తాళము వేయుట మాత్రము ప్రేమ కాదు.

మన ధ్యాన భాగములో రెండవ వచనము ఒకని భారము ఒకడు మోయుటను, ఐదవ వచనము ఎవని బరువు వాడే మోయుటను తెలుపుచున్నది. భర్త చేసిన ప్రమాణము భర్తదే. దానిని మనము నెరవేర్చలేము. రాత్రి జాగరణ, మందుల దుకాణము, నీళ్లబిందె, ఇవి మనము పంచుకొనగలము. కాపరులమైన మేమే అట్టి గుమ్మమునొద్ద ప్రార్థన చేసి, లోపలికి పోక తిరిగివచ్చిన దినములున్నవి. ప్రభువు మమ్మును క్షమించునుగాక.

వచ్చే ఆదివారము ఇద్దరు సహోదరీలు ఆ మంచమునొద్ద రెండు గంటలు కూర్చుండి, ఆ పెద్దను గుడికి పంపుడి. ఆమెను పేరుపెట్టి పిలువుడి. అదియు ఆరాధనయే. ఆమేన్.