నెత్తురు గడ్డ మర్మమెరిగిన మహావైద్యుడు - రుడాల్ఫ్ విర్కో

కాలి సిరలో పుట్టిన నెత్తురు గడ్డ ఊపిరితిత్తులను చేరి ప్రాణాలు హరించగలదని లోకానికి నిరూపించిన మహనీయుడు రుడాల్ఫ్ విర్కో. ఆయన 1821 అక్టోబరు 13న నాటి ప్రష్యా రాజ్యంలోని ఒక చిన్న పట్టణంలో, సామాన్య కుటుంబంలో జన్మించారు. 1843లో బెర్లిన్‌లో వైద్యపట్టా పొంది, షారిటే వైద్యశాలలో చేరి శవపరీక్షలకు అంకితమయ్యారు.

ఊపిరితిత్తుల ధమనులలో కనిపించే గడ్డలు అక్కడే పుట్టినవని ఆనాటి పండితుల విశ్వాసం. అట్టి మృతులలో పలువురి కాలి సిరలలోనూ గడ్డలుండుట విర్కో గమనించారు. కుక్కల మెడ సిరలలో రబ్బరు ముక్కలను ప్రవేశపెట్టగా అవి ఊపిరితిత్తులకే చేరాయి. ఇట్లు తెగి కొట్టుకుపోవుటకు ఎంబోలిజం అని పేరు పెట్టినది ఆయనే. రక్తప్రవాహం మందగించుట, నాళపు గోడ దెబ్బతినుట, రక్తానికి గడ్డకట్టే గుణం హెచ్చుట అనే మూడు కారణాలు నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం.

1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ ప్రబలినప్పుడు, దానికి మూలం పేదరికము, అవిద్య, పాలకుల నిర్లక్ష్యమేనని ఆయన నిర్భయంగా నివేదించారు. ఆ ఏటి విప్లవంలోనూ పాల్గొన్నారు. ఫలితంగా బెర్లిన్ కొలువు వదలి 1849లో వుర్ట్స్‌బుర్గ్ వెళ్లవలసి వచ్చింది. 1856లో సగౌరవంగా తిరిగివచ్చి, 1858లో కణ రోగ విజ్ఞానంపై మహాగ్రంథం వెలువరించారు. 1902 సెప్టెంబరు 5న కన్నుమూశారు.

ఆయన శవాలలో చూసిన గడ్డను నేటి వైద్యుడు సజీవుని కాలిలోనే కనుగొనగలడు. ఒక కాలే వాచుట, పిక్క నొప్పి, ఇటీవలి శస్త్రచికిత్స, దీర్ఘకాలం మంచాన పడుట, క్యాన్సర్ వంటి అంశాలను మొదట విచారిస్తాడు. రెండు పిక్కల చుట్టుకొలతలో 3 సెంటీమీటర్లకు మించిన తేడా ఉన్నదా అని కొలుస్తాడు. అనుమానం స్వల్పమైతే డి-డైమర్ రక్తపరీక్ష చాలును. అందులో ఏమీ తేలకుంటే గడ్డ లేదని భావించవచ్చు. అనుమానం బలమైతే అల్ట్రాసౌండ్ తప్పదు. ఒత్తినప్పుడు ఆరోగ్యవంతమైన సిర అణగిపోతుంది. గడ్డ ఉన్న సిర అణగదు.

విద్యార్థులారా! మన ఇండ్లలో కాలు వాచితే నూనె రాసి మర్దన చేయుట వాడుక. గడ్డను అనుమానించిన కాలిని మర్దించరాదు. వెంటనే వైద్యుని చూడాలి. ఆయాసము, ఛాతీ నొప్పి తోడైతే క్షణమైనా జాగు తగదు. మన సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసింది. రోగి దేహాన్నే గాక అతని బ్రతుకును కూడా పరిశీలించిన విర్కో మార్గంలో మనలో కొందరైనా నడవగలిగితే, అదే ఆ మహావైద్యునికి తగిన నివాళి.