అక్షరాలు అమ్మిన చేత్తోనే హెల్వెటికా

ఫైనలియర్‌లో ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన ఫ్యాన్సీ ఫాంట్‌తో నా రెజ్యూమె తయారు చేశా. వర్డ్ ఫైల్‌గా ఓ కంపెనీకి పంపా. వాళ్ల సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేదు. ఒక పేజీ కాస్తా రెండు పేజీలైంది, లైన్లన్నీ చెదిరిపోయాయి. ఫాంట్ అంటే అందం ఒక్కటే కాదని అప్పుడే తెలిసింది. ఈ సంగతి బాగా తెలిసిన మనిషి మ్యాక్స్ మీడింగర్.

ఆయన 1910లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో పుట్టారు. 1926లో కంపోజిటర్ పనిలో చేరి, లోహపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చడం నేర్చుకున్నారు. సాయంత్రాలు ఆర్ట్ స్కూల్‌కు వెళ్లేవారు. తర్వాత ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ ప్రకటనల విభాగంలో పనిచేశారు. ఆపై అక్షరాలు పోతపోసే హాస్ సంస్థలో సేల్స్ ఉద్యోగం. డిజైనర్‌కి సేల్స్ ఏంటి అనుకుంటాం. కానీ ప్రెస్సులవాళ్లకు ఏం కావాలో దగ్గరగా చూసే అవకాశం ఆ ఉద్యోగంలోనే ఉంది.

1956లో ఉద్యోగం వదిలి సొంతంగా పని మొదలుపెట్టారు. అప్పట్లో మార్కెట్లో జర్మనీవాళ్ల అక్జిడెంజ్ గ్రోటెస్క్‌దే హవా. దానికి పోటీగా కొత్త అక్షరాలు గీయమని హాస్ డైరెక్టర్ ఎడ్వర్డ్ హాఫ్‌మన్ ఆయన్నే అడిగారు. మీడింగర్ గీయడం, హాఫ్‌మన్ సవరణలు చెప్పడం, మళ్లీ గీయడం. అలా 1957లో నోయె హాస్ గ్రోటెస్క్ వచ్చింది. విదేశాల్లోనూ అమ్ముడుపోవాలని 1960లో దాని పేరు హెల్వెటికాగా మార్చారు. స్విట్జర్లాండ్ లాటిన్ పేరు నుంచి పుట్టిన మాట అది.

1980లో మీడింగర్ చనిపోయారు. అసలు కథ ఆ తర్వాతే. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్‌లోకి హెల్వెటికా చేరింది. తర్వాత పీడీఎఫ్ ప్రామాణిక ఫాంట్లలోనూ చోటు దక్కింది. 1992లో విండోస్ 3.1తో వచ్చిన ఏరియల్ అక్షరాల వెడల్పులు కూడా హెల్వెటికావే. అందుకే ఒకదాని బదులు ఇంకోటి వాడినా లైన్లు కదలవు.

మనకు పనికొచ్చేది ఇదే. రెజ్యూమెకి అందరి దగ్గరా ఉండే ఫాంట్ ఎంచుకోండి, ఫాంట్ ఎంబెడ్ చేసిన పీడీఎఫ్‌గా పంపండి. యాప్ రాస్తుంటే ఒక్క ఫాంట్ పేరుతో ఆగొద్దు, అది లేకపోతే ఏది రావాలో కూడా రాయండి. హెల్వెటికా, ఏరియల్‌లలో తెలుగు అక్షరాలు ఉండవు. కాబట్టి ఆ వరసలో నోటో సాన్స్ తెలుగు లాంటిది ఒకటి చేర్చండి. లేదంటే యూజర్‌కి అక్షరాల బదులు డబ్బాలు కనిపించొచ్చు.